నెలనెలా అని చేరితే ఏడాది ఒప్పందం

విజయవాడ గవర్నర్‌పేటలో నాకు తెలిసిన డీటీపీ షాపు ఒకటి ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు వేస్తారు. అక్కడి కంప్యూటర్లో ఇప్పటికీ పేజ్‌మేకర్ 7.0 నడుస్తోంది, దానికి తోడు అను ఫాంట్లు. ఆ వెర్షన్ 2001లో వచ్చింది, ఆ తర్వాత పేజ్‌మేకర్‌లో కొత్తది రానేలేదు. షాపాయన కీబోర్డు వంక చూడకుండానే ఒత్తులూ వట్రసుడులూ వేసుకుంటూ పోతారు. "ఇంకా ఇదేనా అండీ?" అని అడిగితే, "పని జరిగిపోతోంది కదండీ, మార్చడం దేనికి?" అన్నారు.

ఆ మాట అనగలిగే అవకాశం ఈరోజు కొత్తగా ఫొటో స్టూడియో పెట్టుకున్న కుర్రాడికి లేదు. షాపాయన కాలంలో సాఫ్ట్‌వేర్ అంటే డబ్బాలో సీడీ, దాని మీద సీరియల్ నంబరు. ఒకసారి కొంటే కంప్యూటర్ ఆడినన్నాళ్ళూ ఆడుతుంది. కొత్త వెర్షన్ వచ్చినా అక్కర్లేదనుకుంటే ఊరుకోవచ్చు. ఇప్పుడు అదే రకం పనిముట్టుకు నెలనెలా కట్టాలి. కట్టడం ఆపిన నెల నుంచి అది తెరుచుకోదు. ఇంతవరకూ చాలామందికి తెలిసిందే. తెలియంది ఇంకొకటుంది: మానేద్దామనుకున్న రోజున కూడా డబ్బు కట్టాల్సి రావచ్చు. పేజ్‌మేకర్, ఫొటోషాప్‌ల కంపెనీ అయిన అడోబ్ మీద అమెరికా ప్రభుత్వం కోర్టుకెక్కింది ఈ విషయం మీదే. ఇందులో మనకు పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

అడోబ్‌ను 1982లో జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ స్థాపించారు. ఫొటోషాప్‌ను రాసినవాళ్ళు నోల్ సోదరులు. 1990లో అడోబ్ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. పేజ్‌మేకర్ మొదట ఆల్డస్ అనే కంపెనీది, ఆ కంపెనీనే 1994లో అడోబ్ కొనేసింది. ఇలా ఫొటోలు, పుస్తకాలు, పోస్టర్లు, వీడియోలు, పీడీఎఫ్‌లు అన్నింటికీ ఒకే ఇంటి సరుకు వాడటం లోకానికి అలవాటైంది. తెలుగు ముద్రణకైతే ఆ ఇంటి మీద ఆధారం మరీ ఎక్కువ. పేజీలు కూర్చే అడోబ్ ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు ఒత్తులు చెదరకుండా పడాలంటే దానికి తగిన కంపోజర్‌ను, అంటే అక్షరాలను కూర్చే అమరికను, ఎంచుకోవాలన్న సంగతి ఆ పని చేసేవాళ్ళందరికీ తెలుసు. తెలుగు సహా పది భారతీయ భాషలకు ఆ సౌకర్యం సీఎస్6 (క్రియేటివ్ సూట్ 6)తో సరిగ్గా అందింది. ఆ సీఎస్6, అంటే 2012 నాటిది, సొంతానికి కొనుక్కోగలిగిన ఆఖరి క్రియేటివ్ సూట్ అయింది.

2013 మేలో కంపెనీ ప్రకటించింది: ఇకపై కొత్త వెర్షన్లు చందాదారులకే. పేరు క్రియేటివ్ క్లౌడ్. అప్పటికి కంపెనీ పగ్గాలు శంతను నారాయణ్ చేతిలో ఉన్నాయి. హైదరాబాద్‌లో పుట్టి, హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివి, ఉస్మానియాలో ఇంజనీరింగ్ చేసిన మనవాడే, 2007 చివర్లో సీఈఓ అయ్యారు. వ్యాపారపరంగా చూస్తే ఆ నిర్ణయం గొప్పగా పారింది. 2019లో 771 కోట్ల డాలర్లున్న చందాల ఆదాయం 2023కు 1,422 కోట్ల డాలర్లయింది. వాడేవాళ్ళు మాత్రం ఆరోజే గొడవ చేశారు, వేలమంది సంతకాలు పెట్టి వద్దన్నారు. కంపెనీ వినలేదు.

చందా పద్ధతిలో మంచి లేదని నేననను. ఫొటోషాప్ సీఎస్6 ధర అమెరికాలో 699 డాలర్లు. అంత డబ్బు ఒక్కసారి పెట్టలేక దొంగ కాపీలు వాడినవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమందో అందరికీ తెలుసు. నెలకు ఇంతని కట్టుకుంటూ అసలు సరుకు వాడుకునే వీలు వాళ్ళకు నిజంగానే మేలు. కొత్త సౌకర్యాలు వస్తాయి, లోపాల దిద్దుబాట్లు వస్తాయి. అద్దె ఇంట్లో ఉండటం తప్పు కానట్టే, అద్దె సాఫ్ట్‌వేర్ కూడా తప్పేమీ కాదు. కానీ ఇల్లు అద్దెకు ఇచ్చేవాళ్ళు ముందే చెబుతారు: రెండు నెలల అడ్వాన్సు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఒక నెల అద్దె పట్టుకుంటాం, నెల ముందు చెప్పాలి. ఇష్టమైతే చేరతాం, లేకపోతే ఇంకో వీధి చూసుకుంటాం. వినియోగదారులు అడుగుతున్నది ఆ ముందుమాటే.

ఇక అసలు చిక్కు. అడోబ్ చందాలో ప్రధానంగా మూడు రకాలున్నాయి. ఒకటి, నిజంగా నెలవారీ: ఏ నెలకానెల మానేయవచ్చు, కానీ ధర బాగా ఎక్కువ. రెండోది, ఏడాది మొత్తం ఒకేసారి కట్టేది. మూడోది ఈ రెంటికీ మధ్యది: ఒప్పందం ఏడాదికి, కట్టడం నెలనెలా. అమెరికా ప్రభుత్వం తన ఫిర్యాదులో చెప్పిందేమిటంటే, కొనే పేజీలో ఈ మూడోదాన్నే ముందుగా టిక్ పెట్టి ఉంచారని. నెలకు ఇంత అన్న అంకె పెద్దగా కనిపించేదని. ఇది ఏడాది ఒప్పందమనీ, మధ్యలో మానేస్తే ఫీజు ఉందనీ చెప్పే మాట చిన్న అక్షరాల్లోనో, మౌస్ తీసుకెళ్ళి ఆనిస్తే తప్ప తెరుచుకోని గుర్తు వెనకో, లింకు అవతలో ఉండేదని.

ఫీజు ఎంత? మొదటి 14 రోజుల్లో మానుకుంటే డబ్బు వెనక్కి వస్తుంది. ఆ గడువు దాటాక మొదటి ఏడాదిలోపు మానేస్తే, మిగిలిన నెలలకు కట్టాల్సిన దానిలో సగం. లెక్క సులువుగా ఉండటానికి నెలకు రెండు వేల రూపాయలనుకుందాం. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఆల్బమ్ పని కోసం ఒక కుర్రాడు చేరాడు. నాలుగు నెలలు కట్టాడు, ఎనిమిది వేలయింది. మూఢం వచ్చింది, పనుల్లేవు, ఆపేద్దామనుకున్నాడు. మిగిలినవి ఎనిమిది నెలలు, పదహారు వేలు. అందులో సగం ఎనిమిది వేలు. అంటే నాలుగు నెలలు వాడుకున్నందుకు మొత్తం పదహారు వేలు, నెలకు నాలుగు వేల లెక్కన పడింది. తాను చూసిన అంకెకు సరిగ్గా రెట్టింపు. సీజన్ ఉన్నప్పుడు సంపాదించి, లేనప్పుడు ఖర్చులు బిగించుకునే బతుకులకు ఈ ఏడాది ఒప్పందం ఎంత పొసగనిదో ఈ చిన్న లెక్కే చెబుతుంది. ఆ సంగతి చేరేనాడే కళ్ళకు కనబడితే అతను ఖరీదెక్కువైనా అసలైన నెలవారీ పథకమే తీసుకునేవాడు, నాలుగు నెలలకు చాలించుకునేవాడు. కనబడకపోవడం వల్ల పోయింది ఆ ఎంపిక.

2024 జూన్ 17న అమెరికా న్యాయశాఖ, అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పంపిన ఫిర్యాదు మీద, కాలిఫోర్నియా ఉత్తర జిల్లా ఫెడరల్ కోర్టులో దావా వేసింది. కంపెనీతో పాటు ఇద్దరు ఉన్నతాధికారులను కూడా ప్రతివాదులుగా చేర్చింది. ఆధారం 2010లో చేసిన ఒక చట్టం. ఆన్‌లైన్‌లో చందా అమ్మేవాళ్ళు కార్డు వివరాలు తీసుకోకముందే ముఖ్యమైన షరతులన్నీ స్పష్టంగా చెప్పాలి, తెలిసి ఒప్పుకున్నాకే డబ్బు తీసుకోవాలి, ఆపుకునే దారి సులభంగా ఉంచాలి. ఆ చట్టం అడిగేది ఈ మూడే. ఇదే చట్టం కింద నడిచిన మరో కేసులో, ప్రైమ్ సభ్యత్వాల విషయంలో, అమెజాన్ 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకు రాజీపడింది. అందులో 150 కోట్లు వినియోగదారులకు తిరిగి ఇవ్వడానికే. సభ్యత్వం రద్దు చేసుకునే ప్రక్రియకు ఆ కంపెనీ లోపల పెట్టుకున్న పేరు ఇలియడ్ అని ఆ కేసులో ప్రస్తావనకు వచ్చింది. అదొక సుదీర్ఘమైన గ్రీకు యుద్ధకావ్యం. ఎంత పొడవైన దారో తెలిసే ఆ పేరు పెట్టుకున్నారనిపిస్తుంది.

అడోబ్ మీది దావాలో రద్దు దారి గురించి రాసిన భాగాన్ని నిదానంగా చదవాలి. వెబ్‌సైట్‌లో రద్దు చేసుకోబోతే పాస్‌వర్డ్ మళ్ళీ అడుగుతుంది. ఎందుకు మానేస్తున్నారో చెప్పమంటుంది. తర్వాత పేజీలో ఇంకో పథకం, తగ్గింపు ధర, కొన్నాళ్ళు ఉచితం. ఫీజు ఎంతో చాలామందికి మొదటిసారి కళ్ళబడేది ఈ దారిలోనే. ఫోన్ చేస్తే కాల్ తెగిపోవడం, మళ్ళీ కలిపాక కొత్త మనిషికి కథంతా మొదటినుంచీ చెప్పుకోవాల్సి రావడం, చాట్ మధ్యలో ఆగిపోవడం. రద్దయిపోయిందనుకుని కూర్చున్నవాళ్ళకు తర్వాతి నెల మళ్ళీ కార్డు మీద డబ్బు పోవడం. చేరడానికి కొద్ది నొక్కులు, బయటపడటానికి ఒక పూట. ఈ రెంటి మధ్య ఉన్న తేడాయే ప్రభుత్వ అభియోగానికి ప్రాణం.

కంపెనీ ఈ ఆరోపణలు ఒప్పుకోలేదు. షరతులు పారదర్శకంగానే ఉన్నాయనీ, రద్దు సులభమనీ, కోర్టులోనే తేల్చుకుంటామనీ చెప్పింది. ఈ ఫీజుల మీద వచ్చేది తమ మొత్తం ఆదాయంలో అర శాతం కూడా లేదని కంపెనీ న్యాయాధికారి అన్నారు. మరోవైపు, మొదట నల్ల గీతల కింద దాచి ఉంచి తర్వాత బయటపెట్టిన దావా భాగాల్లో ఒక అధికారి మాట ఉంది: ఆ ఫీజు అడోబ్‌కు హెరాయిన్ లాంటిదని. దాన్ని తీసేసినా, ఇంకాస్త బాహాటంగా చెప్పినా వ్యాపారానికి పెద్ద దెబ్బ తగులుతుందని.

ఈ రెండు మాటలూ ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయని మొదట అనిపించింది నాకు. ఆలోచిస్తే రెండూ నిజం కావచ్చు. ఫీజు కట్టి వెళ్ళిపోయేవాళ్ళు కొద్దిమందే, కాబట్టి ఫీజు రాబడి చిన్నదే. కానీ ఎనిమిది వేలు పోతాయని చూసి, ఆ డబ్బేదో చందాకే కట్టి వాడుకుందాంలే అని ఆగిపోయేవాళ్ళు ఎక్కువ. వాళ్ళు కట్టేది ఫీజు లెక్కలోకి రాదు, మామూలు చందా కింద జమ అవుతుంది. కాబట్టి ఇలాంటి ఫీజు బరువును వసూలైన మొత్తంతో తూచకూడదు, అది వెళ్ళకుండా ఆపేసిన మనుషుల సంఖ్యతో తూచాలి. ఆ సంఖ్య కంపెనీ పుస్తకాల్లో తప్ప ఎక్కడా ఉండదు. వినియోగదారుల చట్టాలు కంపెనీల లోపలి కాగితాలను కోర్టుకు రప్పించగలగడం ఎంత అవసరమో నాకు ఇక్కడే తెలిసింది.

ఫీజు ఒక్కటే కాదు, అద్దె పద్ధతిలోనే ఉన్న ఇబ్బందులు పదేళ్ళలో ఒక్కొక్కటీ బయటపడ్డాయి. 2014 మేలో అడోబ్ లాగిన్ వ్యవస్థ ఒక రోజుకు పైగా పనిచేయలేదు, పత్రికల పేజీలు పెట్టేవాళ్ళు కూడా ఇరుక్కుపోయారు. 2019 అక్టోబరులో అమెరికా ఆంక్షల కారణంగా వెనెజువెలాలోని ఖాతాలన్నీ మూసేస్తున్నామనీ, కట్టిన డబ్బు వెనక్కి రాదనీ కంపెనీ మొదట ప్రకటించింది. ప్రభుత్వ అనుమతి దొరికాక ఆ నిర్ణయం వెనక్కి తీసుకుంది. 2022 చివర్లో ముద్రణ రంగుల సంస్థ ప్యాంటోన్‌తో ఉన్న ఒప్పందం మారి, ఆ సంస్థ రంగులతో చేసిన పాత ఫైళ్ళు తెరిస్తే నల్లగా కనిపించే పరిస్థితి వచ్చింది. మళ్ళీ రంగులు కావాలంటే ప్యాంటోన్‌కు వేరే చందా. 2024 జూన్‌లో షరతుల పత్రంలో, వాడుకరుల ఫైళ్ళను కంపెనీ చూడవచ్చనే అర్థం వచ్చే వాక్యాలు చూసి కళాకారులు భగ్గుమన్నారు. కస్టమర్ల పనితో తమ కృత్రిమ మేధకు శిక్షణ ఇవ్వబోమని కంపెనీ వివరించి, షరతులు తిరగరాసింది.

వీటన్నిటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఫైళ్ళ సంగతి. ఒక డిజైనర్ పదేళ్ళు కష్టపడి చేసిన పని పీఎస్‌డీ, ఏఐ, ఇన్‌డిజైన్ ఫైళ్ళలో ఉంటుంది. పని తనది, హక్కు తనది. కానీ తెరవడానికి తాళం చెవి నెలనెలా అద్దెకు తెచ్చుకోవాలి. వేరే సాఫ్ట్‌వేర్లు పీఎస్‌డీని కొంతవరకు తెరుస్తాయి, ఇన్‌డిజైన్ ఫైలు దగ్గరికొచ్చేసరికి అంతా తేలిక కాదు. మానేయాలన్న ఆలోచన వచ్చినవాణ్ణి ఫీజు కన్నా గట్టిగా పట్టి ఉంచేది ఇదే. దీనికి చట్టంలో మందు లేదు, అలవాటులో ఉంది. పని పూర్తయిన ప్రతిదానికీ ఒక పీడీఎఫ్, ఒక టిఫ్, ఇన్‌డిజైన్ అయితే ఐడీఎంఎల్ రూపంలో ఒక కాపీ వేరే డిస్కులో పెట్టుకుంటే, రేపు ఎటు వెళ్ళాలన్నా దారి ఉంటుంది. బొమ్మలకు గింప్, క్రీటా, గీతలకు ఇంక్‌స్కేప్, పేజీలకు స్క్రైబస్ ఉచితంగానే ఉన్నాయి. అఫినిటీని కాన్వా కొన్నాక 2025 అక్టోబరు చివర్లో అదీ ఉచితమైంది. తెలుగు పనికి వీటిలో ఏది సరిపోతుందో నాలుగు పేజీలు వేసి చూసుకుని గానీ మారకూడదు; ఒత్తు ఒకచోట, అక్షరం ఒకచోట పడితే ఎంత ఉచితమైనా నిరుపయోగమే.

మన దగ్గర చట్టం ఏమంటుంది? 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు నోటిఫై చేసింది. తెర మీద పేజీని మన చేత మనకు ఇష్టం లేని పని చేయించేలా తీర్చడాన్నే డార్క్ ప్యాటర్న్ అంటారు. అలాంటివి పదమూడు రకాలు పేర్కొని నిషేధించారు. అందులో ఒకటి సబ్‌స్క్రిప్షన్ ట్రాప్: రద్దును అసాధ్యంగానో చిక్కుగానో చేయడం, రద్దు బటన్‌ను దాచడం, ఉచిత ట్రయల్‌కు కూడా కార్డు వివరాలు అడగడం. మరొకటి ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్ బిల్లింగ్ గురించే: ట్రయల్ అయిపోయి చందాగా మారుతున్నప్పుడు చెప్పకపోవడం, తెలియజేయకుండా ఖాతాలోంచి డబ్బు లాగడం. ఈ నియమాలు భారతదేశంలో సరుకులూ సేవలూ అమ్మే వేదికలన్నింటికీ వర్తిస్తాయి, కంపెనీ ఎక్కడిదైనా సరే.

దీనికన్నా ముందే రిజర్వు బ్యాంకు ఒక మంచి పని చేసింది. దాని విలువ మనం ఇంకా గుర్తించినట్టు లేదు. 2021 అక్టోబరు 1 నుంచి కార్డు మీద నెలనెలా ఆటోమేటిగ్గా పోయే ప్రతి చెల్లింపుకూ ముందుగా ఓటీపీతో ఈ-మ్యాండేట్ నమోదు కావాలి. డబ్బు పోవడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు నుంచి సందేశం రావాలి. ఆ ఒక్క చెల్లింపునే గానీ, మొత్తం మ్యాండేట్‌నే గానీ మనం ఆపేయవచ్చు. ఓటీపీ లేకుండా పోయే పరిమితి అప్పట్లో ₹5,000, 2022 జూన్‌లో ₹15,000 చేశారు. మన ఫోన్లలో "రేపు మీ ఖాతా నుంచి ఇంత తీసుకోబడును" అని వచ్చి, మనం చూడకుండా జరిపేసే ఆ సందేశం ఇదే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. బ్యాంకులో మ్యాండేట్ ఆపితే డబ్బు పోవడం ఆగుతుంది గానీ కంపెనీతో ఒప్పందం రద్దయినట్టు కాదు. కాబట్టి ముందు కంపెనీ పేజీలో రద్దు చేయాలి, రద్దయినట్టు వచ్చిన మెయిల్ దాచుకోవాలి, ఆ తర్వాత బ్యాంకు వైపు మూసేయాలి.

చేరేటప్పుడే రెండు నిమిషాలు ఆగితే చాలా గొడవ తప్పుతుంది. ధర పక్కన "ఏడాది, నెలవారీ బిల్లు" అన్న అర్థం వచ్చే మాట ఉందేమో చూడండి. ఉంటే అది ఏడాది ఒప్పందమే. కొనే పేజీకి స్క్రీన్‌షాట్ తీయండి. రేపు పేజీ మారిపోయినా మీ దగ్గర ఉన్నది మారదు. డబ్బు వెనక్కి వచ్చే గడువు 14 రోజులే కాబట్టి పదిహేనో రోజు కాదు, పన్నెండో రోజుకు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఇంకొక్కటి, ఏడాది నిండాక చందా దానంతటదే మరో ఏడాదికి సాగుతుంది. ఆ తేదీ కూడా రాసి ఉంచుకోవాలి.

అయినా చిక్కుకుంటే? చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు, అమెరికా కంపెనీతో మనమేం పోట్లాడగలమని. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఆ దిగులుకు తావు లేకుండా చేసింది. కంపెనీ ఆఫీసు ఉన్న ఊరికి వెళ్ళక్కర్లేదు, మనం ఉంటున్న లేదా పని చేసుకుంటున్న చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కాదని అవతలివాళ్ళు వాదించవచ్చు. కానీ స్వయం ఉపాధి కింద పొట్టపోసుకోవడానికే వాడుకునేవాళ్ళు వినియోగదారులేనని చట్టం విడమరచి చెప్పింది. ఒంటరిగా స్టూడియో నడుపుకునే ఫొటోగ్రాఫర్, ఇంటి దగ్గర ఆల్బమ్‌లు డిజైన్ చేసే ఆడపిల్ల ఆ మాట పట్టుకుని నిలబడవచ్చు. జరిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానా వేసే ఒప్పందాన్ని ఆ చట్టం అన్యాయమైన ఒప్పందమంటుంది. ఆ వాదన చేయాలనుకుంటే మాత్రం జిల్లా కమిషన్ కాదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళాలి.

మొదటి మెట్టు ఇంత దూరం కూడా కాదు. 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఫిర్యాదు నమోదు చేసుకుని కంపెనీకి పంపుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే కేసు దాఖలు చేయవచ్చు. కొన్న సేవ విలువ ఐదు లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో ఫీజు ఒక్క రూపాయి కూడా లేదు. వకీలు లేకుండా మీరే చెప్పుకోవచ్చు. జత చేయాల్సినవి కొనే రోజున తీసిన స్క్రీన్‌షాట్, బ్యాంకు స్టేట్‌మెంట్, రద్దు కోసం పెట్టిన మెయిళ్ళు.